ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏడుపు

చల్లపల్లి దాటి బందరు వైపు వెళ్తుంటే ఎడమ చేతి పక్కన ఒక మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది. పొద్దుపోయాక అక్కడ బండి ఆపినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆటోవాళ్ళు ఆ గోడ కనబడగానే పాటలు ఆపేస్తారు. లారీవాళ్ళు హారన్ కొట్టరు. సైకిల్ మీద వెళ్ళేవాడు టైరులో గాలి లేకపోయినా దిగడు, అలాగే తొక్కేస్తాడు. ఎందుకంటే అక్కడ ఏడుపు వినిపిస్తుంది. ఆడమనిషి ఏడుపు. సన్నగా మొదలై... గొంతు చిరిగిపోయేలా లేచి... మళ్ళీ సన్నగిల్లి...

ఎవరా ఆడమనిషి అంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. గ్యాసు లీకైన రాత్రి లోపలే ఉండిపోయిన కూలీ అంటాడొకడు. లారీ కింద పడ్డ పిల్ల తల్లి అంటాడింకొకడు. అసలు ఫ్యాక్టరీ కట్టకముందు నుంచే ఉంది, పునాదులు తీసేటప్పుడే మేస్త్రీ పారిపోయాడు అంటాడు మా పాలవాడు. ఏది నిజమో ఎవరికీ తెలీదు. ఏడుపు మాత్రం విన్నవాళ్ళు బోలెడుమంది.

నేను వినలేదు. నాకు చెప్పింది దుర్గాదేవి.

దుర్గాదేవిది కోడూరు అవతల సముద్రం వైపు పల్లె. మా అవనిగడ్డ బజార్లో చేపలమ్ముతుంది. మొగుడు పోయాడు. కూతురు సుమతి డిగ్రీ చదువుతోంది. కోపం ఆవిడకి ముక్కు మీద కాదు, కత్తిపీట మీదే ఉంటుంది. గట్టిగా బేరమాడితే తూచిన చేపని తిరిగి గంపలో పడేసి, "ఎల్లండి, ఎల్లండి" అంటుంది. ఈ సంగతి కూడా కోపంగానే చెప్పింది, పండుగప్ప పొలుసు గీస్తూ. ఆవిడ చెబుతున్న కొద్దీ పొలుసులు నా చొక్కా మీదికి ఎగిరి పడ్డాయి.

"దెయ్యమంటే నాకు భయం లేదు మేష్టారూ," అంది. "దెయ్యం పేరు చెప్పి చేతులు ముడుచుకు కూర్చునేవాళ్ళని చూస్తేనే ఒళ్ళు మంట."

వాళ్ళింట్లో జున్ను అని ఒక కుక్క ఉంది. ఒంటి రంగు అచ్చం జున్నులాగే ఉంటుందని ఆ పేరు. దుర్గాదేవి మొగుడు పోయిన రోజుల్లో ఎక్కణ్ణుంచో వచ్చి వాకిట్లో పడుకుంది. తరిమితే గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి పడుకుంది. ఇక తరమలేదు. చీకటితో లేచి ఆవిడ గంప ఎత్తుకుని రేవుకి వెళ్తుంటే, పక్కన అడుగులో అడుగేసుకుంటూ నడిచేది అదొక్కటే.

పోయిన శ్రావణంలో జున్ను కడుపుతో ఉంది. ఓ మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. నేల గోకింది. రొప్పింది. ముక్కింది. పిల్ల మాత్రం రాలేదు. ఇంకా ముక్కింది... వెనక నుంచి ఆకుపచ్చటి నీరు కారింది. అంతే.

చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూశారు. "కుక్కకి పురుడు పొయ్యాలా ఏంటే? అవే కంటాయి," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

జున్ను నవ్వలేదు. దుర్గాదేవి చెయ్యి నాకడం మానేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

సుమతి ఫోన్లో వెతికింది. కుక్కలకీ పిల్లులకీ రాత్రీ పగలూ వైద్యం చేసే ఆసుపత్రి ఒకటి ఈ మధ్య పెట్టారని కనిపించింది. ఫోన్ చేసింది. అవతల ఒక ఆడగొంతు. నమస్కారం లేదు, మీరెవరు అని లేదు. ఒకదాని మీద ఒకటి ప్రశ్నలే.

"ఎంతసేపట్నుంచి ముక్కుతోంది? ఒక్క పిల్లైనా వచ్చిందా? కారుతున్న నీరు ఏ రంగు?"

"ఆకుపచ్చగా ఉందండి..."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇప్పుడే బయల్దేరండి. తెల్లారనివ్వొద్దు. ఏమీ తినిపించొద్దు. పొట్ట నొక్కొద్దు, చెయ్యి పెట్టి లాగొద్దు. ట్రేలో గుడ్డ పరిచి పడుకోబెట్టి తీసుకురండి. మీరొచ్చేసరికి అన్నీ సిద్ధం చేసి ఉంచుతాను."

"ఎక్కడికండీ?"

"చల్లపల్లి దాటాక, రోడ్డు మీదే. పాత ఐసు ఫ్యాక్టరీ."

సుమతి ఫోన్ పెట్టేసింది. తల్లికి చెప్పడానికి నోరు రాలేదట. చెప్పాక దుర్గాదేవికి కూడా ఒక్క క్షణం గుండె జల్లుమంది. "అబద్ధం చెప్పను మేష్టారూ, జల్లుమంది. కానీ దాని మూలుగు వింటూ ఇంట్లో ఎలా కూర్చుంటాను?"

మరిది గణపతికి ఆటో ఉంది. పొద్దు ఇంకా చాలా ఉంది. అప్పుడే బయల్దేరి ఉంటే వెలుతురుండగానే చేరేవాళ్ళు.

గణపతి ఐసు ఫ్యాక్టరీ మాట వినగానే చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

"వద్దు వదినా. వచ్చేటప్పుడు చీకటి పడుద్ది. రేపు తెల్లారగానే వెళ్దాం."

"తెల్లారేసరికి చచ్చిపోద్దిరా!"

"కుక్క కోసం మనం చస్తామా?"

దుర్గాదేవి అరిచింది. తిట్టింది. చివరికి అతను సరేనన్నాడు గానీ, ఆటోకి నిమ్మకాయలూ వేపాకూ కట్టందే కదలనన్నాడు. అవి కూడా అమ్మవారి దగ్గర పెట్టి తీసినవే కావాలి. పూజారి ఇంట్లో లేడు. అతను వచ్చేదాకా కూర్చున్నాడు. గుళ్ళో దీపం పెట్టేదాకా కూర్చున్నాడు. ఇంట్లో జున్ను మూలుగు సన్నబడుతోంది... గణపతి అక్కడ గుడి మెట్ల మీద నిమ్మకాయలకి దారం గుచ్చుతున్నాడు.

పొద్దు కుంకాక బయల్దేరారు.

చేపల ట్రేలో పాత చీర పరిచి, జున్నుని పడుకోబెట్టి, తల్లీకూతుళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మోపిదేవి దగ్గర వాన అందుకుంది. చల్లపల్లి వచ్చేసరికి కరెంటు లేదు. ఊరు దాటాక రోడ్డు మీద వాళ్ళ ఆటో దీపం తప్ప ఇంకో వెలుగు లేదు.

ఫ్యాక్టరీకి కాస్త ఇవతల కల్వర్టు మీద గణపతి ఆటో ఆపేశాడు.

"ఏమైందిరా?"

గణపతి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

వాన వెలిసి చుక్కచుక్కగా రాలుతోంది. రెండు పక్కలా వరిచేలల్లో కప్పలు ఒకటే గోల... ఉన్నట్టుండి ఆ గోల ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది.

ముందు మూలుగులా... తర్వాత ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు... ఆ పిలుపు సాగి, సాగి, ఆకాశంలోకి లేచి... ఊపిరి తెగినట్టు ఆగి... మళ్ళీ మొదటి నుంచి.

సుమతి తల్లి భుజంలో ముఖం దాచుకుంది. గణపతి ఆటో దీపం కట్టేశాడు.

"విన్నావా..." గొంతులో గాలి తప్ప మాట లేదు. "విన్నావా వదినా... నేను రాను. నరికినా రాను."

దుర్గాదేవి ట్రే వంక చూసింది. జున్ను పొట్ట ఒక్కసారి బిగిసి వదిలింది. అది మాత్రం ఏడుపు విని చెవి కూడా కదపలేదు. కదిపే ఓపిక లేదు.

"నువ్వు రావద్దులే," అంది దుర్గాదేవి. అరవలేదు. "సుమతీ, అటు పట్టుకో."

తల్లి ఒక పక్క, కూతురు ఒక పక్క ట్రే పట్టుకుని దిగారు. చెప్పుల కింద బురద. ముందు చీకటి. నడిచిన కొద్దీ ఆ ఏడుపు దగ్గరవుతోంది. రోడ్డు మీంచి కాదు, చేల మీంచి కాదు... గోడ లోపల్నుంచి. సుమతి "అమ్మా... అమ్మా..." అని గొణుగుతూనే ఉంది. దుర్గాదేవి మాత్రం నడుస్తూ తిడుతోందట. అమ్మవారిని, గణపతిని, పూజారిని, నవ్విపోయిన ఆడవాళ్ళని, పోయిన మొగుణ్ణి, ఒకరి తర్వాత ఒకరిని. తిట్లాపితే భయం వేస్తుందని తిట్టానంది.

గేటు సగం తెరిచి ఉంది.

లోపలికి రెండడుగులు వేశారు. ఏడుపు టక్కున ఆగింది.

వరండా చివర నుంచి తెల్లగా ఒక ఆకారం వస్తోంది. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నుదుటి మీద ఒక వెలుగు, కళ్ళు మూసుకుపోయేంత వెలుగు. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా...

"ఆగండి," అంది. "అక్కడే."

సుమతి కెవ్వుమని ట్రే వదిలేసింది. దుర్గాదేవి ట్రేని నడుముకి అదుముకుని, వంగి, కాలి చెప్పు తీసింది.

"ఎవతివే నువ్వు? ఇంకో అడుగేశావంటే చెప్పు తెగుద్ది!"

ఆకారం ఆగింది. మోచేత్తో నుదుటి మీద దీపం పైకి తోసుకుంది. కింద కళ్ళజోడు, చెమట పట్టిన ముఖం. ముప్ఫై దాటని మనిషి.

"కొడుదురుగాని, ముందు కుక్కని ఇటివ్వండి. కరెంటు లేదు, మీ పక్కనే కాలవ ఉంది, గట్టు జారుతుందని ఆగమన్నాను. పొద్దున్న ఫోన్... కాదు, మధ్యాహ్నం ఫోన్ చేసింది మీరేనా? ఇంతసేపా అండీ రావడానికి?"

డాక్టర్ వినీల.

దుర్గాదేవికి చెప్పు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నిజానికి ఆ రాత్రి అసలు కోపం అక్కణ్ణుంచే మొదలైందట. ఆసుపత్రంటే ఏదో పడుకోబెట్టి, పక్కన మనల్ని కూర్చోబెట్టి, సూది వేసి పంపుతారనుకుంది. అలా జరగలేదు. లోపల్నుంచి శామ్యూల్ రాజ్ అనే కాంపౌండర్ వచ్చి జున్ను మూతికి గుడ్డతో కట్టు కట్టాడు.

"అది కరవదు! పసిపిల్ల నోట్లో చెయ్యి పెట్టినా కరవదు!"

"నొప్పిలో ఉంటే ఎవరైనా కరుస్తారమ్మా," అని తూకం చూసి, ట్రేతో సహా లోపలికి తీసుకుపోయాడు. వెనకే వెళ్ళబోతే తలుపు మూసేశాడు. దుర్గాదేవి ముఖం మీదే.

బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. గోడకి ఒక చిన్న ఇన్వర్టర్ దీపం. తలుపు అవతల ఏం జరుగుతోందో తెలీదు. ఇనుప గిన్నెల చప్పుడు... ఏదో మూలుగు... అది జున్నుదో కాదో తెలీదు. డాక్టరమ్మ ఒకసారి బయటికొచ్చి, ఏం తింది, ఎప్పుడు తింది, ఇంతకుముందు ఈనిందా, ఎవరైనా పొట్ట మీద నొక్కారా, మందేమైనా పోశారా అని అడిగింది. నొక్కారా అన్నప్పుడు సుమతి తల దించుకుంది. పక్కింటావిడ నొక్కింది.

"దాచకండి. తిట్టడానికి అడగట్లేదు. తెలిస్తే తొందరగా చూస్తాను," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

అంతలో గేటు దగ్గర కారు ఆగింది. ఒకాయన రెండు చేతుల మీద పెద్ద నల్లకుక్కని మోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. చొక్కా అంతా రక్తం. పేరు ప్రేమ్ సాగర్ అని తర్వాత తెలిసింది. మొవ్వ వైపు మనిషి. లారీ గుద్దిందట.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "లోపలికి తెండి," అంది. తలుపు తెరుచుకుంది. ఆ కుక్క లోపలికి వెళ్ళింది. జున్నుని ఉంచిన ట్రేని శామ్యూల్ రాజ్ పక్క గదిలోకి జరిపాడు.

దుర్గాదేవి లేచింది.

"ఏంటిది? ముందొచ్చింది మేము! కార్లో వస్తే ముందా? చేపల ట్రేలో తెస్తే తర్వాతా?"

గోడలు అదిరేలా అరిచింది. ఆ తలుపుని అరచేత్తో కొట్టింది. డాక్టరమ్మ సగం తెరిచి తల బయట పెట్టింది. ఆవిడ కళ్ళల్లోనూ కోపమే.

"ఇక్కడ ముందొచ్చినవాళ్ళకి కాదు, ముందు పోయేలా ఉన్నవాళ్ళకి ముందు చూస్తాం. మీ దానికి సెలైన్ ఎక్కుతోంది, ఊపిరి బాగుంది. దీనికి ఊపిరి ఆగిపోతోంది. మీరు అరిచే ప్రతి నిమిషం నేను ఇక్కడ నిలబడాలి. అరుస్తారా, పని చేసుకోనిస్తారా?"

తలుపు మూసేసింది.

దుర్గాదేవి వచ్చి కుర్చీలో కూర్చుంది. జీవితంలో ఆవిడ నోరు మూయించినవాళ్ళు అంతకుముందు లేరు.

కాసేపటికి ప్రేమ్ సాగర్ బయటికొచ్చాడు. చేతుల్లో కుక్క లేదు. మెడపట్టీ ఉంది. ఆవిడ పక్క కుర్చీలోనే కూలబడి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "గేటు నేనే వెయ్యలేదండీ... నేనే వెయ్యలేదు..." అంటూ ఉండిపోయాడు.

"ఏం చెప్పమంటారు మేష్టారూ," అంది దుర్గాదేవి నాతో. "ఆయన మీద పడి అరుద్దామని కోపం దాచుకు కూర్చున్నదాన్నే. సుమతి చేత మంచినీళ్ళిప్పించాను."

ఆ తర్వాత డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ లోపలికి పిలిచింది. ఒక చిన్న టీవీలాంటి దాంట్లో జున్ను పొట్ట చూపించింది. నలుపూ తెలుపూ మబ్బులు. వాటి మధ్య ఒక చోట మినుకుమినుకుమంటూ ఏదో కొట్టుకుంటోంది. ఇంకో చోట కూడా. మిగతా రెండు చోట్ల ఏ కదలికా లేదు.

"నాలుగు పిల్లలు. రెండింటికి గుండె ఆడుతోంది. మొదటి పిల్ల అడ్డం తిరిగింది, దారి మూసుకుపోయింది. పొట్ట కొయ్యాలి. తల్లి నీరసంగా ఉంది. మత్తులోంచి లేవకపోవచ్చు కూడా, అది ముందే చెబుతున్నాను. కొయ్యకపోతే తెల్లారేసరికి ఆ రెండూ, తల్లీ పోతాయి. మీరు ఊ అంటేనే చేస్తాను."

ఎవరూ ఆవిడతో అంత నిక్కచ్చిగా మాట్లాడలేదట, మొగుడు పోయినప్పుడు పెద్దాసుపత్రిలో కూడా. అక్కడ సాయంత్రం దాకా "చూద్దాం, చూద్దాం" అన్నారు.

"దాన్ని బతికించు," అంది దుర్గాదేవి. "పిల్లలు ఉంటే ఉంటాయి. దాన్ని బతికించు."

తలుపు మళ్ళీ మూసుకుంది.

లోపల ఉన్నది డాక్టరమ్మా, కాంపౌండరూ ఇద్దరే. కాసేపటికి శామ్యూల్ రాజ్ తల బయట పెట్టి, "పాపా, చేతులు కడుక్కుని రా. తువ్వాలు పట్టుకోవాలి," అని సుమతిని పిలిచాడు. దుర్గాదేవి ఒక్కతే హాల్లో మిగిలింది. ప్రేమ్ సాగర్ తన కుక్కని దుప్పట్లో చుట్టుకుని అప్పటికే వెళ్ళిపోయాడు.

లోపల సుమతి చేతిలో ఎలకంత తడి ముద్ద పెట్టారు. రుద్దమన్నారు. మెల్లిగా కాదు, గట్టిగా. రుద్దింది. ముక్కులో జిగురు పీల్చి తీశారు. మళ్ళీ రుద్దింది. అది ఉలకలేదు... పలకలేదు... సుమతి ఏడుస్తూ రుద్దుతూనే ఉంది... కీచుమని ఒక అరుపు.

హాల్లో ఉన్న దుర్గాదేవికి ఆ అరుపు పసిబిడ్డ కేకలా వినిపించింది. ఆ చీకట్లో, ఆ గోడల మధ్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట.

తర్వాత ఇంకో కీచు.

ఇంక లేవు.

అప్పుడు లేచింది ఆ ఏడుపు. కల్వర్టు మీద విన్నదే. సన్నగా మొదలై... ఎవరినో పిలుస్తూ... చిరిగిపోయేలా పైకి లేచి... ఈసారి గోడ అవతలే. పక్క గదిలోనే.

దుర్గాదేవి తలుపు తోసుకుని లోపలికి దూకింది.

బల్ల మీద జున్ను. పొట్టకి కట్టు. మెడ ఎత్తి, కళ్ళు ఎటో తిరిగిపోయి, నోరు తెరిచి ఏడుస్తోంది. అది కుక్క గొంతు కాదు. ఏ కుక్కా అలా ఏడవడం ఆవిడ వినలేదు.

"చచ్చిపోతోంది! చచ్చిపోతోంది!"

"లేదు, లేస్తోంది," అంది డాక్టరమ్మ. జున్ను తల తన మోచేతి మీద పెట్టుకుని ఉంది. "మత్తు దిగేటప్పుడు కొన్ని కుక్కలు ఇలాగే ఏడుస్తాయి. తను ఏడుస్తోందని దానికే తెలీదు. నొప్పికి మందిచ్చాను. దగ్గరికి రండి, మీ గొంతు వినిపించండి."

దుర్గాదేవి వెళ్ళి చెవి దగ్గర "జున్నూ... ఏయ్ జున్నూ..." అంది. ఏడుపు తగ్గింది. తోక కొస కదిలింది.

"అయితే... మేం వచ్చేటప్పుడు విన్నది?"

"అప్పుడు ఇంకోటి లేస్తోంది. బందరు నుంచి తెచ్చారు, పేగుల్లో ఎముక ఇరుక్కుని." డాక్టరమ్మ గ్లౌజులు లాగి పడేసింది. "ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదమ్మా నాకు. రాత్రిళ్ళు కుక్కలు అరుస్తాయట. దెయ్యం ఉందని ఎవరూ రానిచోటు కాబట్టి ఇది ఇచ్చారు. ఇప్పుడు దెయ్యం ఉందని జబ్బు చేసినవాటిని తీసుకురారు. తెల్లారాక తెస్తారు. తెల్లారేసరికి నాకు చెయ్యడానికి ఏమీ మిగలదు." పక్కన ట్రేలో గుడ్డ కప్పిన రెండు ముద్దలు చూపించింది. "సాయంత్రం వచ్చి ఉంటే ఇవి కూడా అరిచేవేమో. తప్పకుండా అని చెప్పను. ఏమో."

దుర్గాదేవి ఆ ట్రే వైపు తిరిగింది. ఆ గుడ్డతో సహా ఆ రెండింటినీ ఎత్తుకుని బయటికి నడిచింది. వరండా దాటి, గేటు దాటి, బురద రోడ్డు మీద కల్వర్టు దాకా.

గణపతి ఆటో వెనక సీట్లో ముడుచుకు కూర్చుని ఉన్నాడు. నిమ్మకాయల దండ చేతికి చుట్టుకుని.

ఆవిడ ఆ మూట అతని ఒళ్ళో పెట్టింది.

"చూడరా. నువ్వు చూస్తానేమోనని భయపడ్డ దెయ్యం. చూడు. గుప్పెడు లేదు. దీనికి కళ్ళు కూడా తెరుచుకోలేదు." మూట మీద గుడ్డ తొలగించింది. "ఏడుపు వినిపిస్తే ఎవరికి ఏమైందో అని పోవాలి గానీ, దీపం ఆర్పుకు కూర్చుంటావా? నువ్వొక్కడివేనా! ఈ రోడ్డు మీద పోయిన ప్రతి వెధవా ఇంతే. విన్నాను విన్నాను అని ఊరంతా చెబుతాడు, ఒక్కడు దిగి చూడడు!"

గణపతి ఆ మూట వంక చూశాడు. చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఆవిడ ఓదార్చలేదు. "తుడుచుకుని లోపలికి రా. డాక్టరమ్మ తెల్లారేదాకా ఉండమంది," అని వెనక్కి తిరిగింది.

ఇదీ సంగతి. ఆ తర్వాత దుర్గాదేవి బజార్లో గంప ముందు నిలబడిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పింది. అక్కడ దెయ్యం లేదు, ఆసుపత్రి ఉంది, కుక్కకో పిల్లికో బాగాలేకపోతే ముందు ఫోన్ చేసి వెళ్ళండి, ఏ రాత్రైనా తీసుకుపోండి, వాళ్ళు లోపలికి రానివ్వకపోతే అరవకండి, అడిగింది దాచకండి అని. చెబితే నవ్వినవాడికి చేప అమ్మలేదు.

పండుగప్ప ముక్కలు కవర్లో వేస్తుండగా నాకొక అనుమానం వచ్చింది.

"అది సరే దుర్గాదేవీ. ఆసుపత్రి వచ్చింది ఈ మధ్యే కదా. ఆ ఏడుపు మాట నా చిన్నప్పటి నుంచీ ఉందే?"

ఆవిడ చేతిలో కవరు ఆగింది. ఇటూ అటూ చూసింది. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడం నేను అదే చూడటం.

"కుట్లు విప్పించడానికి మళ్ళీ వెళ్ళాం మేష్టారూ," అంది.

పగలే వెళ్ళారట. ఏదో ఆవుకి కష్టంగా ఉందని డాక్టరమ్మ ఘంటసాల వైపు వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చి కుట్లు విప్పేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. ఆ రోజు ఆసుపత్రిలో ఇంకే జంతువూ లేదు. గదులన్నీ ఖాళీ. జున్ను గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉంది. డాక్టరమ్మ టీ తాగుతోంది. సుమతి జున్ను పిల్లల ఫోటోలు చూపిస్తోంది.

బయట గేటు దగ్గర... సన్నగా...

మొదలైంది.

డాక్టరమ్మ టీ గ్లాసు కదలకుండా పట్టుకుంది. శామ్యూల్ రాజ్ లేచి వెళ్ళి కిటికీ మూసేశాడు. కంగారు లేదు. రోజూ చేసే పనిలా మూసి, వచ్చి కూర్చున్నాడు.

"లోపల ఏ కుక్కుంది?" అంది దుర్గాదేవి.

శామ్యూల్ రాజ్ డాక్టరమ్మ వంక చూశాడు.

"డాక్టరమ్మా..."

"ఆ రోజు ఏడ్చింది కుక్కే. నేను అబద్ధం చెప్పలేదు." వినీల గొంతు బాగా చిన్నదైపోయింది. "ఇది... వేరు. అప్పుడప్పుడూ వస్తుంది. గేటు దాకానే. మేం వినిపించనట్టు ఉంటాం. కాసేపటికి పోతుంది."

ఏడుపు లేస్తోంది. పిలుస్తోంది... సాగుతోంది...

సుమతి తల్లి చెయ్యి పట్టుకుంది. దుర్గాదేవి వదిలించుకుంది. భయం వెయ్యలేదా అని అడిగాను. వేసిందట. కానీ దానికన్నా ముందు కోపం వచ్చింది.

"వినిపించనట్టు ఉంటారా?" అని లేచింది. "డాక్టరువై ఉండి! బయట ఎవరో ఏడుస్తుంటే కిటికీ మూసుకుంటారా! ఆ గణపతిగాడికీ మీకూ ఏంటి తేడా?"

వరండాలోకి వెళ్ళింది. గేటు దగ్గర ఎవరూ లేరు. చీకటి, తడి రోడ్డు. ఏడుపు మాత్రం అక్కడే, నిలువెత్తున నిలబడి ఉన్నట్టు.

"ఏయ్!" అని అరిచింది దుర్గాదేవి. బజార్లో అరిచినట్టే అరిచింది. "ఎవరే నువ్వు? ఇన్నేళ్ళూ గేటు దగ్గర నిలబడి ఏడిస్తే ఎవరికేం తెలుస్తుంది? నొప్పైతే లోపలికి రా! ఇక్కడ పొమ్మనేవాళ్ళెవరూ లేరు. వచ్చి కూర్చో!"

ఏడుపు తెగిపోయింది.

కప్పలు లేవు. గాలి లేదు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

గేటు కిర్రుమంది... కాస్త ఆగింది... ఇంకాస్త తెరుచుకుంది.

గుమ్మంలో పడుకున్న జున్ను తలెత్తి చూసింది. మొరగలేదు. లేచి, ఎవరో లోపలికి వస్తుంటే దారి ఇచ్చినట్టు, తోక ఊపుతూ పక్కకి జరిగింది.